ఒంటికాలి దొంగ

మార్చి 5, బుధవారం

రాయడానికేమీ లేదు. ఆవు మేత సరిగ్గా తినడం లేదు. మేత తీద్దామని తమ్ముడికి గుర్తుగా కంచెకి ఎర్రగుడ్డ కట్టాను. వాడు వచ్చి కొట్టానికి తన తాళం తీశాడు, నేను నాది తీశాను. నేను మేత తీసుకున్నంతసేపూ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. మళ్లీ తాళం వేసుకుని వెళ్లిపోయాడు. మూడేళ్లుగా ఇదే వరస.

మార్చి 6, గురువారం

మా కొట్టంలో దొంగలు పడ్డారు! పట్టపగలు! ఇంత సంబరంగా రాస్తున్నానేమిటి. సంబరం కాదు, కంగారు. అందుకే అక్షరాలు ఇలా గంతులేస్తున్నాయి.

సంత నుంచి వచ్చి, సంచులు గుమ్మంలో పడేసి, మేత కోసం కంచె దగ్గరికి వెళ్లాను. గుడ్డ కడుతూ తలెత్తితే కొట్టం తలుపు వంకరగా వేలాడుతోంది. తమ్ముడే, అనుకున్నాను. నా తాళం పగలగొట్టాడు, ఇన్నాళ్లకి వీడి బుద్ధి బయటపడింది. ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. తీరా చూస్తే నా తాళం భేషుగ్గా ఉంది. దాని పక్కన వాడి తాళమూ అంతే భేషుగ్గా ఉంది. తలుపు మాత్రం అవతలి పక్క, బందుల దగ్గర ఊడిపోయి, మా రెండు తాళాల మీదే బరువంతా వేసి వేలాడుతోంది.

అంతలో వాడు చేలో నుంచి ఆయాసపడుతూ వచ్చాడు.

"నీ తాళం తీశావా?" అన్నాడు.

"నా తాళం అదిగో. నువ్వు తీశావా?"

"నాదీ ఉంది."

అప్పుడు చూశాం ఇద్దరం బందుల వైపు. సీలలు బయటివైపు ఉన్నాయి. వచ్చినవాడు సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి సీలలు లాగేసి, తలుపు ఓరగా తోసి లోపలికి వెళ్లాడు. మూడేళ్లుగా మా ధ్యాసంతా తాళాల మీదే. నేను మంచి తాళం కొంటే వాడు దానికంటే పెద్దది కొన్నాడు. అది చూసి నేను ఇంకోటి మార్చాను. ఒకళ్ల నుంచి ఒకళ్లం కాపాడుకోవడంలో పడి, దొంగ అనేవాడు మూడోవాడు కూడా ఉంటాడన్న సంగతే మా ఇద్దరికీ తట్టలేదు.

తమ్ముడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడనుకుని భయపడ్డాను. నవ్వుతున్నాడు. నాకూ ఆగలేదు.

పోయినవి వాడి మందుకొట్టే మిషను, మా ఆయన బాగుచేసి పెట్టిన నీళ్ల మోటారు. నా విత్తనపు వేరుశనగ బస్తాలు ఉన్నాయి గానీ ఒకదాని మూతి కోసి చూశారు. అంటే నచ్చాయన్నమాట. అంటే మళ్లీ వస్తారన్నమాట.

తమ్ముడు నాతో మాట్లాడాడు. అదేం పెద్ద విషయం కాదు. దొంగలు పడినప్పుడు ఎవరైనా మాట్లాడతారు.

మార్చి 7, శుక్రవారం

స్టేషన్ నుంచి హెడ్డుగారు వచ్చారు. ఒక ముఠా ట్రాలీ ఆటోలో తిరుగుతోందట. సంత రోజున ఊళ్లన్నీ ఖాళీ అయిపోతాయి కదా, ఆ రోజు చూసి కొట్టాలు ఊడ్చేస్తున్నారట. బస్తా మూతి చూసి ఆయన కూడా తల ఊపారు, మళ్లీ రావచ్చన్నారు. సంత రోజు కాపలా ఉండండి, నేనూ ఒక కన్ను వేసి ఉంచుతాను అన్నారు.

హెడ్డుగారు ఉండగానే దాణా వ్యాపారి వచ్చాడు. ఈయనకి మా కొట్టంతో ఏం పని అనుకున్నాను. పని ఉంది. తమ్ముడు తన సగం ఆయనకి అమ్ముతానని మాటిచ్చాడట! నాకు తలకొట్టేసినట్టయింది. ఈయన కొంటే మధ్యలో గోడ లేపుతాడట, అటక పీకేసి దాణా బస్తాలు కప్పుదాకా పేరుస్తాడట. ఆ అటక మీదే కదా చిన్నప్పుడు మేమిద్దరం జ్వరం వచ్చిందని బడి ఎగ్గొట్టి పడుకునేవాళ్లం. నాన్న కింద నుంచి కర్రతో పొడిచేవాడు.

అక్కకి ఒక మాట చెప్పాలన్న ఇంగితం లేదు వీడికి. మాటల్లేనప్పుడు ఎలా చెబుతాడు అని మా ఆయన అన్నారు. ఆయన నా పక్షమా వాడి పక్షమా తెలియదు.

ఇంతకీ అసలు సంగతి. ఊడిన తలుపు చూసి వ్యాపారి వెనక్కి తగ్గాడు. దొంగలు తిరిగే చోట దాణా పెట్టి నేను నిద్రపోలేను, వాళ్ల సంగతి తేలాక చూద్దాం అన్నాడు. తమ్ముడు కూడా సరే, దొంగలు దొరికాకే రాసిస్తాను అన్నాడు.

దొంగలు దొరికాకే! ఏ తల్లి కన్నబిడ్డలో గానీ, వాళ్ల కడుపు చల్లగా ఉండాలి.

మార్చి 8, శనివారం

మా ఆయన బందులు విప్పి సీలలు లోపలివైపు వచ్చేలా బిగించారు. ఈ పని మూడేళ్ల కిందటే చేయాల్సింది అన్నారు. తాళాలు కొంటున్నప్పుడే చెప్పొచ్చు కదా అంటే, మీ అక్కాతమ్ముళ్ల మధ్య నేనెందుకు అన్నారు.

మార్చి 12, బుధవారం

రేపే! పథకం అంతా నాదే.

పొద్దున్నే రెండు ఇళ్లవాళ్లం గొడవ గొడవగా సంతకి బయల్దేరతాం, అందరూ చూసేలా. మరదలు నిజంగానే వెళుతుంది. నేనూ తమ్ముడూ కాలవ మలుపు దగ్గర దిగి, చేలకి అడ్డం పడి వెనక్కి వచ్చి కొట్టంలో దూరతాం. ఆయన బయట రెండు తాళాలూ వేసి, ఇంట్లో కిటికీ దగ్గర ఎవరిదో మోటారు విప్పుకుంటూ కూర్చుంటారు. దొంగలు వస్తే మేం లోపల నుంచి కంచం మీద గరిటెతో వాయించాలి. ఆయన పెద్ద పానా పట్టుకుని వస్తారు, ఈలోపు హెడ్డుగారికి ఫోను.

తమ్ముడు అంతా విని, "మనిద్దరమే లోపలా?" అన్నాడు.

"దొంగలుంటారుగా" అన్నాను.

కంచం తోమి పెట్టాను. కొట్టి చూశాను కూడా. ఆవు బెదిరింది.

మార్చి 13, గురువారం

ఒళ్లంతా పొట్టు. దురద. అయినా ఇప్పుడే రాయాలి.

పథకం ప్రకారమే దూరాం. ఆయన బయట రెండు తాళాలూ వేసేశారు. లోపల చీకటి అనుకున్నాను గానీ చెక్కల సందుల్లోంచి వెలుతురు బాగానే పడుతోంది. నేను బస్తాల మీద, వాడు తిరగేసిన గంప మీద. మాట్లాడకూడదు, దొంగలు వింటారు. మూడేళ్లు మాట్లాడకుండా సుఖంగా ఉన్నవాళ్లం, ఇవాళ మాట్లాడకూడదు అనేసరికి ఇద్దరికీ నోరు దురద పుట్టింది.

మొదట వాడికి తుమ్ము వచ్చింది. పొట్టు పడదు వాడికి, చిన్నప్పటి నుంచీ అంతే. ముక్కు నొక్కుకున్నాడు, మొహం ఎర్రబడిపోయింది, నా కొంగు అందించాను. అందులో తుమ్మాడు, వెధవ.

తర్వాత ఆకలి. కోసిన బస్తా ఎలాగూ కోసి ఉంది కదా అని ఒక గుప్పెడు కాయలు తీశాను. వాడో గుప్పెడు తీశాడు. చప్పుడు కాకుండా కాయ ఒలవడం మహా కష్టం. దొంగలు ఎత్తుకుపోతే పోయేదానికంటే కాపలావాళ్లం తిన్నదే ఎక్కువ అయ్యేట్టుంది.

మధ్యాహ్నం దాటాక వచ్చింది చప్పుడు. తలుపు చెక్కని ఎవరో రాస్తున్నారు. ఆగి ఆగి, బలంగా. నా చెయ్యి తమ్ముడి భుజం మీద ఉందని తర్వాత తెలిసింది. వాడు కళ్లతోనే లెక్కపెట్టాడు, ఒకటి, రెండు, మూడు, ఇక వాయించానయ్యా కంచం! గరిటె వంగిపోయింది. ఇద్దరం కలిసి దొంగ దొంగ అని కొట్టం ఎగిరిపోయేలా అరిచాం. బయట ఆయన పరిగెత్తుకొస్తున్న చప్పుడు, పానా దేనికో తగిలిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు.

"ఏమైంది బావా?" అని తమ్ముడు లోపల నుంచి అడిగాడు.

"మేక" అన్నారు ఆయన.

ఎవరిదో మేక. తలుపుకి వీపు గోక్కుంటోందట. తాళాలు తీసేసరికి అది ఇంకా అక్కడే నిలబడి మమ్మల్ని ఎగాదిగా చూస్తోంది. కడుపు పట్టుకుని నవ్వాం. సంత నుంచి వచ్చిన మరదలు మమ్మల్ని ఆ పొట్టు అవతారాల్లో చూసి, దొంగలు మీరేనా అంది.

ఇంత బాగా గడిచిన గురువారం ఈ మధ్య లేదు. కాపలా సంగతి రాస్తున్నాను.

మార్చి 14, శుక్రవారం

తమ్ముడు కంచె దగ్గర నిలబడి, దొంగలు ఇంక రారేమో అక్కా అన్నాడు. వ్యాపారి మళ్లీ కబురు పెట్టాడట. ఏ అలికిడీ లేకపోతే దొంగలు వేరే దిక్కు పోయినట్టే కదా, ఇంక ఆలస్యం ఎందుకు అంటున్నాడట.

ఏం చెప్పావు అని అడిగాను. ఏమీ చెప్పలేదన్నాడు.

అన్నం సయించలేదు.

మార్చి 15, శనివారం

కొట్టం వెనక అడుగుజాడలు! నీళ్ల తొట్టి కారి ఎప్పుడూ బురదగా ఉండే చోట, గోడ పొడుగునా. పెద్ద పెద్దవి. మగవాడి బూట్లు. దొంగ వచ్చి చుట్టూ తిరిగి చూసి పోయినట్టే ఉంది. పొద్దున్నే నేనే మొదట చూశాను. వెంటనే తమ్ముణ్ణి పిలిచాను. గుడ్డ కట్టలేదు, కేకే వేశాను.

ఆయన తన పాత బూటుకి బురద ఎలా అంటిందని అడిగారు. కాలవగట్టు మీద నడిచి ఉంటారులెండి అన్నాను.

మార్చి 16, ఆదివారం

నిన్న తమ్ముడు ఆ అడుగుల దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. గడ్డిపోచ తుంపి కొలిచాడు. అటు నడిచాడు, ఇటు నడిచాడు.

"అక్కా, ఇవన్నీ ఎడమకాలివే."

అయ్యో. అది ఆలోచించలేదు. కుడి బూటు అడుగు ఊడి ఎప్పుడో పారేశాం కదా, ఉన్నది ఎడమ ఒక్కటే. కుడికాలు గోడవారన రాళ్ల మీద ఆనించి నడవడమే గొప్ప అనుకున్నాను.

వాడు నా మొహంలోకి చూడలేదు. ఆకాశం కేసి చూస్తూ, "ఒంటికాలి దొంగ అయ్యుంటాడు. గెంతుకుంటూ వచ్చాడు పాపం" అన్నాడు. ఎంత పెద్దమనిషి మాటలాగా అన్నాడంటే నేను నిజమేననుకున్నాను ఒక్క క్షణం.

నమ్మాడు! వాడికి చిన్నప్పటి నుంచీ లోకజ్ఞానం తక్కువే. ఇవాళ వ్యాపారిని కూడా తీసుకొచ్చి చూపించాడు. ఒంటికాలివాడే ఇంత ధైర్యంగా వచ్చాడంటే రెండుకాళ్లవాడు ఇంకెంత చేస్తాడో అని భయపెట్టాడు. వ్యాపారి చెప్పులకి బురద అంటకుండా దూరం నుంచే చూసి, నెలాఖరుదాకా ఆగుతానని వెళ్లిపోయాడు.

మార్చి 17, సోమవారం

నేను చేసింది తప్పేం కాదు. దొంగలు ఎలాగూ రాబోతున్నారు. వాళ్లు వచ్చేదాకా జనం జాగ్రత్తగా ఉండాలి కదా. అందుకే.

మార్చి 20, గురువారం

రెండో కాపలా. ఈసారి మరదలు ఫ్లాస్కులో టీ పోసి, పంచదార విడిగా ఇచ్చింది. వదినా, మీ తమ్ముడికి పంచదార తక్కువ వేయండి అంది, నేనేదో వాడిని వేరే ఊరు తీసుకెళుతున్నట్టు.

దొంగలు రాలేదు. మేక వచ్చింది. ఈసారి వాయించలేదు, చెక్క సందులోంచి కాయలు వేశాం.

గుసగుసగా మాట్లాడుకున్నాం. రాయాలా వద్దా అనుకుంటూ ఇంతసేపు కూర్చున్నాను. రాస్తాను, ఎవరు చూస్తారు.

నేనే అడిగాను, నీ సగం ఎందుకు అమ్ముతున్నావురా, ఏం అవసరం వచ్చింది అని. వాడు ఇంకో కాయ ఒలిచాడు.

"నిలబడలేక అక్కా" అన్నాడు.

అర్థం కాలేదు.

"నువ్వు గుడ్డ కడతావు. నేనొచ్చి తాళం తీసి గోడకేసి చూస్తూ నిలబడాలి. వెనకాల నువ్వు బస్తా ఎత్తలేక మూలుగుతుంటావు. తిరిగి ఓ చెయ్యి వేద్దామంటే ఏమంటావోనని భయం. ఆ నిలబడటం నావల్ల కాలేదు. సగం వ్యాపారికిచ్చేస్తే ఆయన తాళం, ఆయన తిప్పలు."

పంపకాల రోజు నలుగురి ముందూ, అక్కకి కొట్టం ఎందుకు అన్నది వీడే. ఆ మాట పట్టుకునే కదా నేను సగం అడిగి మరీ తీసుకున్నది, మాట మానేసినది. ఆ మాట ఎందుకన్నావని ఇవాళ కూడా అడుగుదామనుకున్నాను. వాడి మీసంలో పొట్టు ఇరుక్కుని ఉంది. దులిపాను, అంతే.

నాకు ఏడుపొచ్చింది. బాగా వచ్చింది. నాకూ పొట్టు పడదన్నాను.

మార్చి 22, శనివారం

తొట్టి కారడం ఆగింది. ఆయన బాగుచేశారట, ఎవరూ అడగకుండానే. అడుగులు ఎండి పొడిపొడిగా రాలిపోతున్నాయి. నెలాఖరు దగ్గరపడుతోంది. ఇంక అలాంటి పనులు చేయకూడదని గట్టిగా అనుకున్నాను.

మార్చి 23, ఆదివారం

చేయలేదు. బూటు ముట్టుకోలేదు.

మార్చి 24, సోమవారం

దేవుడా. కొట్టం వెనక మళ్లీ అడుగులు ఉన్నాయి. నేను వేయలేదు! ఎవరో రెండు బిందెల నీళ్లు పోసినట్టు నేల తడిసి ఉంది, దాని మీద కొత్త జాడలు. బూట్లు కావు, చెప్పు. మడమ దగ్గర చారలు చారలుగా ఉంది.

అన్నీ కుడికాలివే.

నేను ఊరికే కల్పించినవాడు నిజంగా వచ్చాడా? లేక నిజం దొంగ నా ఎడమకాలి ముద్రలు చూసి, వెటకారానికి ఇలా వేసిపోయాడా? అదే అయితే వాడు మామూలు గడుసువాడు కాడు.

తమ్ముడికి చూపించాను. "ఓహో, రెండో కాలు కూడా దొరికిందన్నమాట వాడికి" అన్నాడు. భయమన్నది లేదు మనిషికి.

మార్చి 26, బుధవారం

చెప్పేయాలి. ఎడమకాలు నాదే, కుడికాలు మాత్రం నిజం దొంగది, జాగ్రత్తగా ఉండు అని చెప్పాలి. లేకపోతే రేపు వాడు కంచం కూడా పట్టుకోకుండా చేతులూపుకుంటూ వస్తాడు. చెబితే, దొంగలు రాలేదని వ్యాపారికి తెలిసిపోతుంది. చెప్పకపోతే వాడి ప్రాణం మీదికి వస్తుంది.

కంచం తీశాను. గడ్డపార కూడా తీశాను.

మార్చి 27, గురువారం

గడ్డపార పట్టుకుని బస్తాల మీద బిగుసుకుపోయి కూర్చున్నాను పొద్దుటి నుంచి సాయంత్రందాకా. వాడు మాత్రం అటకెక్కి గుర్రు పెట్టి నిద్రపోయాడు. కింద నుంచి కర్రతో పొడిచాను, నాన్న పొడిచినట్టే.

"దొంగ వస్తే ఏం చేస్తావురా?" అన్నాను కోపంగా.

"ఒకసారికి ఒక్క కాలే తెచ్చుకుంటాడు కదక్కా. ఎంత దూరం పరిగెడతాడు" అని అటు తిరిగి పడుకున్నాడు.

వీడితో నేను వేగలేను. చెప్పలేదు.

మార్చి 28, శుక్రవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ముందు టీ తాగి వస్తాను.

తాగాను. హెడ్డుగారు వచ్చారు. జీపులో వెనకాల తమ్ముడి మందుకొట్టే మిషను, మా నీళ్ల మోటారు! ముఠా దొరికిందట. ఎప్పుడో తెలుసా? మన దొంగతనం జరిగాక వచ్చిన ఆదివారమే! ఇక్కడికి చాలా దూరంలో, ట్రాలీ టైరు పేలి ఆగిపోతే జనమే పట్టుకున్నారట. సామాను ఎవరిదో తేల్చేసరికి ఇన్నాళ్లు పట్టిందట. అప్పటి నుంచీ అందరూ లోపలే ఉన్నారు, బెయిలు కూడా రాలేదు.

అప్పటి నుంచీ!

ఎడమకాలు సరే. మరి కుడికాలు?

తమ్ముడు నా పక్కనే నిలబడి ఆకాశం కేసి చూస్తున్నాడు. నేను కిందకి చూశాను, వాడి కాళ్ల కేసి. కుడిచెప్పు మడమ అరిగిపోతే టైరు ముక్క అతికించుకున్నాడు. టైరు ముక్కకి చారలు. చారలు చారలుగా.

గడ్డపార పట్టుకుని కూర్చున్నాను నేను! రోజంతా! వీడు అటక మీద పడుకుని లోపల్లోపల నవ్వుకుంటుంటే!

కోపం రావాలి. వచ్చింది కూడా, ఒక గుక్కెడు. ఆ తర్వాత వచ్చినదాన్ని కోపం అనరు. ఎడమకాలు నాదేనని వాడికి ఆ రోజే తెలిసిపోయిందన్నమాట. తెలిసీ వ్యాపారిని తీసుకొచ్చి చూపించాడు. నా అడుగులు ఎండిపోతే తనే బిందెలతో నీళ్లు మోసి తన అడుగులు వేశాడు. వాడికీ అమ్మాలని లేదు! ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే దారి తెలియక, నా దారినే పట్టుకున్నాడు.

హెడ్డుగారు ఇంక కాపలా అక్కర్లేదన్నారు.

"లేదు సార్, ఇంకొకడు ఉన్నాడు" అన్నాడు తమ్ముడు.

"ఉన్నాడు సార్" అన్నాను నేను. "మేమిద్దరం జాడలు చూశాం."

చూపించమన్నారు. చూపించాం. హెడ్డుగారు ఎండిన ఎడమకాళ్లు చూశారు, కొత్త కుడికాళ్లు చూశారు. గుమ్మం పక్కనున్న ఒంటి బూటు చూశారు. తమ్ముడు కుడిపాదం ఎడమపాదం వెనక్కి దాచుకుని కొంగలా నిలబడ్డాడు. హెడ్డుగారు మరదలు ఇచ్చిన టీ తాగి, కప్పు ఇచ్చేస్తూ, వీడిని పట్టుకోవడం మావల్ల కాదమ్మా, మీరే చూసుకోండి అని జీపెక్కారు.

ఆ తర్వాత మేమిద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోలేదు. చూస్తే నవ్వు ఆగదు.

మార్చి 29, శనివారం

ముఠా దొరికిందన్న కబురు వ్యాపారికి చేరింది. సోమవారం పదింటికి వస్తాడట, రాత కోతలకి. తమ్ముడు కంచె దగ్గరికి రాలేదు. మరదలు వచ్చింది. వదినా, మీ తమ్ముడు నిన్నటి నుంచీ చెప్పులు ముందు పెట్టుకుని కూర్చున్నారు, పిచ్చెక్కిందేమో అంది. నవ్వింది. ఈ పిల్లకి అన్నీ తెలుసు.

మార్చి 30, ఆదివారం

వాన. కాలం కాని కాలంలో వాన! సాయంత్రమంతా కుండపోత. జాడలన్నీ కొట్టుకుపోయాయి. కొట్టం చుట్టూ నేల పలకలా నున్నగా ఉంది. రేపు వ్యాపారి వచ్చి చూస్తే దొంగా లేడు, దొంగ జాడా లేదు.

బూటు తుడిచి పెట్టాను.

మార్చి 31, సోమవారం

తెల్లారుతుండగానే బూటు చంకలో పెట్టుకుని బయటపడ్డాను. ఆయన మెలకువగానే ఉన్నారు. జారుతుంది, చూసుకో అని అటు తిరిగి పడుకున్నారు.

కొట్టం మలుపు తిరిగేసరికి తమ్ముడు అక్కడే ఉన్నాడు. ఒక చెప్పు చేతిలో ఉంది. నా చంకలో బూటు చూశాడు. నేను వాడి చేతిలో చెప్పు చూశాను. ఒక్క మాట లేదు. మూడేళ్లు మాట్లాడకుండా బతికినప్పటి మౌనం వేరు, ఇది వేరు.

నేను ఎడమకాలికి బూటు తొడిగాను. వాడు కుడికాలికి చెప్పు తొడిగాడు. పక్కపక్కన నిలబడి, నా చెయ్యి వాడి భుజం మీద, వాడి చెయ్యి నా భుజం మీద వేసుకున్నాం. నేను కుడికాలు మడిచాను, వాడు ఎడమకాలు మడిచాడు. నా ఎడమ, వాడి కుడి. నా ఎడమ, వాడి కుడి. గెంతాం. రోడ్డు వైపు కంచె నుంచి కొట్టం వెనకదాకా, వెనక నుంచి తలుపుదాకా. ఈ వయసులో! మోకాళ్లు గోల పెట్టాయి.

"అక్కా, మెల్లగా. దొంగ నీలా ఉరకడు" అన్నాడు.

"దొంగ నీలా ఆయాసపడడు" అన్నాను.

తలుపు దగ్గర జారి ఇద్దరం చతికిలబడ్డాం. ఆ ముద్ర కూడా పడింది. అది చెరపొద్దు, దొంగ కూర్చుని ఆలోచించాడనుకుంటారు అన్నాడు. నవ్వీ నవ్వీ పక్కటెముకలు పట్టేశాయి. నవ్వు ఆగాక, వాడు బురదలో కూర్చునే, తలుపు కేసి చూస్తూ చెప్పాడు.

"నీకు కొట్టం ఎందుకన్నాను ఆ రోజు. ఆ మాట అనకుండా ఉండాల్సింది అక్కా."

లే, మోకాళ్ల నిండా బురద అన్నాను. చెయ్యి ఇచ్చి లేపాను.

పదింటికి వ్యాపారి వచ్చాడు. ముఠాని పట్టుకున్నారన్నారే అన్నాడు. పట్టుకున్నారు, వాళ్లు వేరు, వీడు వేరు అన్నాడు తమ్ముడు. ముందు ఎడమకాలితో వచ్చాడు, తర్వాత కుడికాలితో వచ్చాడు, ఇప్పుడు రెండింటితోనూ వస్తున్నాడు, రోజురోజుకీ ముదిరిపోతున్నాడు అన్నాడు. వ్యాపారి ఒక బూటు ముద్ర, ఒక చెప్పు ముద్ర, మళ్లీ బూటు, మళ్లీ చెప్పు చూసుకుంటూ తలుపుదాకా నడిచాడు. చతికిలబడ్డ చోట ఆగాడు. చాలా వెడల్పుగా ఉంది ఆ చోటు. ఈ మనిషి చాలా పెద్దవాడిలా ఉన్నాడే అన్నాడు నెమ్మదిగా. మేం అవునన్నాం. ఆయన రోడ్డు పక్కన ఇంకో షెడ్డు చూసుకుంటానని, ఏమీ అనుకోవద్దని చెప్పి వెళ్లిపోయాడు.

ఏమీ అనుకోలేదు.

ఏప్రిల్ 3, గురువారం

ఎర్రగుడ్డ కనబడటం లేదు. మరదలు టీ ఫ్లాస్కుకి చుట్టింది.

పొద్దున్నే ఆయన మమ్మల్ని కొట్టంలో పెట్టి బయట రెండు తాళాలూ వేశారు. తమ్ముడు అటక మీద, నేను బస్తాల మీద. కాయలు ఒలుచుకు తిన్నాం. మేక వచ్చింది, దాని వాటా దానికి వేశాం. దొంగ రాలేదు. అయినా వదలకూడదు, కాస్త ఏమరితే వచ్చే రకం వాడు.